కుడి చక్రం దగ్గర చెవి

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఊరి బడిలో ఐదు దాకా చదివాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగా తెలియదు. మన్నించి, దిద్దుకుని చదవండి. మా బండ్ల షెడ్డు మేస్త్రి పోయాడు. సెలవు మీద కోనసీమలో ఇంటికి వెళ్ళినవాడు, మొన్న శుక్రవారం పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట.

ఆ రోజంతా ఇక్కడ గల్ఫులో, అల్ షహానియాలోని మా ఒంటెల ఫారానికి ఫోన్లు ఆగలేదు. ఎప్పుడో ఇక్కడ పనిచేసి వెళ్ళినవాళ్ళు కూడా చేశారు. ఒకాయన ఫోన్లోనే ఏడ్చాడు. నేను పోతే ఇందులో సగం మందైనా చేస్తారా అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గేసింది. ఆయన బతికున్నప్పుడూ నాకు ఇదే జబ్బు.

ఫారంలో ఆయన కంటే నేను ఎనిమిదేళ్ళు ముందు. వయసులోనూ పెద్ద. ఇసుకలో బండి నడిపేవాడంటే నేనే అని పేరుండేది. ఆయన వచ్చిన నెలకే ఆ పేరు మరుగున పడింది. మా యజమాని అందరినీ సదీక్, అంటే నేస్తం, అని పిలిచేవాడు. ఆయన్ని మాత్రం ముహందిస్ అనేవాడు, అంటే ఇంజనీరు. మేస్త్రి ఏడో తరగతి తప్పినవాడని నాకు తెలుసు. యజమాని చెవిన వేద్దామని రెండుసార్లు వెళ్ళి, నోరు రాక తిరిగొచ్చాను.

మా పాత పికప్పు గురించి చెప్పాలి. దానికి ముందు చక్రాల నడుమ ఒక్కో తిప్పుడు బిళ్ళ ఉంటుంది. హబ్బు అంటాం. ఇసుకలోకి దిగే ముందు కిందికి దిగి, రెండు బిళ్ళలనూ ఫ్రీ నుంచి లాక్‌కి తిప్పాలి. అప్పుడే ఇంజను బలం ముందు చక్రాలకు అందుతుంది. ఒకసారి గడ్డి మోపులతో వెళుతూ ఇసుకలో కూరుకుపోయాను. బిళ్ళలు తిప్పాను, ఫోర్‌వీల్ కడ్డీ వేశాను. వెనక చక్రాలు గొయ్యి తవ్వుతున్నాయి, ముందువి కదలవు. ముందు గేరుపెట్టె పోయిందని యజమానితో చెప్పేశాను. అందరి ముందూ గట్టిగానే చెప్పాను.

బండిని షెడ్డుకు లాక్కొచ్చాక మేస్త్రి పానా కూడా పట్టలేదు. ముందు వైపు జాకీ ఎత్తి, రెండు బిళ్ళలూ లాక్‌లో పెట్టి, ఒక్కో చక్రం చేత్తో తిప్పమన్నాడు. తను కింద పడుకుని లోపలి ఇరుసు చూస్తున్నాడు. ఎడమ చక్రంతో పాటు ఇరుసూ తిరిగింది.

కుడిది తిప్పాను. "చక్రం ఒక్కటే తిరుగుతోందన్నా. ఇరుసు నిద్రపోతోంది," అన్నాడు కింది నుంచి. "ఒకటి పట్టకపోతే రెండోదీ లాగదు. బలమంతా పట్టని వైపుకే పారిపోతుంది."

కుడి హబ్బు మూత విప్పాడు. లోపల గ్రీజు ముద్ద. ఇసుక కలిసి పిండిలా గట్టిపడి, జరగాల్సిన రింగును జరగనివ్వలేదు. ఆ గ్రీజు నేను కూరిందే. మా నాయన ఎడ్లబండి ఇరుసుకు కందెన పొంగిపొర్లేదాకా పెట్టేవాడు. ఎంత పెడితే బండికి అంత సుఖమని అనేవాడు. నేనూ అలాగే కూరాను.

ఇంతలో యజమాని వచ్చి, ఎవరు చేశారిది అని అరబ్బీలో అడిగాడు. అప్పటికే ముసలి డ్రైవరెందుకు అని నన్ను ఒకసారి అని ఉన్నాడు. మేస్త్రి తలెత్తకుండా, "రమల్, బాబా," అన్నాడు. రమల్ అంటే ఇసుక. నేరమంతా ఇసుక మీద పెట్టాడు.

యజమాని వెళ్ళాక మేస్త్రి నాతో నెమ్మదిగా, "పెనానికి నూనె రాసినట్టు రాయాలండి అన్నా. ఆవకాయ జాడీలో పోసినట్టు కాదు," అన్నాడు. కిరసనాయిలుతో రింగు కడిగి, వేలికొసతో గ్రీజు రాసి చూపించాడు.

దండం పెట్టాల్సింది. పెట్టలేదు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. పనిలో నాకంటే మెరుగు, మనసులోనూ మెరుగు అయితే ఇక నాకేం మిగిలినట్టు? రెండు నెలలు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

ఒకరోజు ఆయనే పిలిచాడు. బిళ్ళ తిప్పాక బండిని రెండడుగులు ముందుకూ వెనక్కూ తోస్తే, రింగు పట్టినప్పుడు లోపల టక్ మంటుంది. "షెడ్లలో బాదీ బాదీ నా చెవి మొద్దుబారిందండి. మీ చెవి మంచిది. మీరు విని చెప్పండన్నా," అన్నాడు. ఆ రోజు నుంచి బండి ఇసుకలోకి దిగే ప్రతిసారీ ఆయన తోసేవాడు, నేను చక్రానికి చెవి ఆనించేవాణ్ణి. "పట్టింది మేస్త్రీ" అని నేనంటే తప్ప ఆయన కదలనిచ్చేవాడు కాదు. యజమాని నిలబడి ఉన్నా అంతే. ఆయనకు లేనిది ఒక్కటైనా నాకుందని పదేళ్ళు గుండె నిండా గాలి పీల్చుకున్నాను.

శుక్రవారం సాయంత్రం మా వంటాయన పక్కన కూర్చున్నాను. నిజామాబాద్ వైపు మనిషి. మేస్త్రికి చెవులు మందం, పాపం అన్నాను. ఆయన నావైపు వింతగా చూశాడు.

"మేస్త్రియి పాము చెవులు కాకా. నేను కిచెన్ల గిన్నె మూత తీస్తే, షెడ్డుల ఉండి చాయ్ అయిందా అని ఒర్రేటోడు."

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఆయన పోయాడన్న దిగులు ఒకటి. నా కోసమే అబద్ధమాడాడా అన్నది ఇంకొకటి. అది కూడా ఓర్చుకుంటాను. నాకు ఒక్కడికే ఆడాడా, అందరికీ ఆడేవాడా? మీ చెవి మంచిదన్నా అని ఇంకొకరితో కూడా అన్నాడంటే, అది మాత్రం ఓర్చుకోలేను.

ఈ పొద్దున పికప్పు తీశాను. బిళ్ళలు తిప్పి, వంటాయన్ని తోయమని, కుడి చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. టక్ మంది. పట్టింది మేస్త్రీ అనేశాను. నేను చెవి తీయలేదు. ఇనుము చల్లగా ఉంది.

ఇది చదివేవాళ్ళలో ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు ఉంటారు. మీతో కూడా ఆ మాట అన్నాడా? అనలేదంటే ఈ రోజే రాయండి. అన్నాడంటే కూడా రాయండి, త్వరగానే.