బొట్టు పెట్టి నింపిన బస్సు

ఆ పదవి నాకెలా వచ్చిందో చెబితే నవ్వుతారు. మా కొత్త ఆఫీసు ప్రాంగణంలో మొదటి మీటింగు. మేనేజరు నిలబడి, "ఇవాళ కారు నడుపుకుంటూ రానివాళ్ళెవరో చెయ్యెత్తండి" అన్నాడు. ఎత్తాను. ఆ రోజు మా ఆయన దింపి వెళ్ళాడు మరి. అటూ ఇటూ చూశాను. ఎత్తింది నేనొక్కదాన్నే! "గ్రాండ్! అయితే మన ట్రావెల్ కోఆర్డినేటర్ దొరికేసింది" అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. నా మీద ప్రేమ కన్నా, తమ మీద పడలేదన్న సంతోషమే ఆ చప్పట్లలో ఎక్కువ వినిపించింది.

మా ఆఫీసు ఒకప్పుడు పాలపొడి ఫ్యాక్టరీ. కిల్కెన్నీకి దూరంగా, పొలాల మధ్య ఏళ్ళ తరబడి మూతపడి ఉండేది. టెక్ కంపెనీలు ఐర్లండ్‌లో ఒకదాని వెనక ఒకటి ఆఫీసులు తెరుస్తున్న రోజులవి. డబ్లిన్‌లో ఆఫీసుకి చోటు దొరకదు, మనిషికి ఇల్లు దొరకదు. ఎవరో ఈ ఫ్యాక్టరీ కొని, పాత ఇటుక గోడలూ పొగగొట్టమూ అలాగే ఉంచి, లోపల గాజు గదులు కట్టించారు. పాలు ఎండబెట్టిన హాల్లో కూర్చుని మేం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికేవాళ్ళం. పక్క హాల్లో ఒక ల్యాబు, కింద క్యాంటీను. కిటికీలోంచి చూస్తే ఆవులు మావైపే చూస్తూ ఉండేవి. అంతా బాగుంది, ఒక్క చేరుకోవడం తప్ప. సన్నటి రోడ్డు, రెండు పక్కలా ఎత్తుగా పెరిగిన ముళ్ళ కంచెలు. నడిచేవాళ్ళకి అడుగు పెట్టే చోటుండదు. ట్రాక్టరు ఎదురొస్తే కారే వెనక్కి పోవాలి.

అందరూ కార్లలో రాకూడదన్న షరతు మీదే కౌన్సిల్, అంటే అక్కడి మునిసిపాలిటీ లాంటిది, ఆ ఆఫీసుకి అనుమతిచ్చింది. అందుకని ఒక మినీబస్సు పెట్టారు, దాన్ని నింపడమే నా పదవి. పొద్దున కిల్కెన్నీ రైల్వే స్టేషన్ దగ్గర బయలుదేరి, దారిలో ఊళ్ళు కలుపుకుంటూ వస్తుంది. సాయంత్రం మళ్ళీ దింపుతుంది. అక్టోబరు చివర, చలికాలం కోసం దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పేదాకా చూస్తారు. అప్పటికి జనం ఎక్కితే సరే, లేకపోతే బస్సు తీసేసి, వెనకున్న పచ్చిక మైదానాన్ని పార్కింగు చేసుకుంటామని కౌన్సిల్‌ని అడుగుతారు.

వాళ్ళకది ప్రయోగం. నాకు బతుకుతెరువు. మాకున్నది ఒక్క కారు. మా ఆయన పనిచేసేది కిల్కెన్నీ ఆసుపత్రిలో, నా ఆఫీసుకి సరిగ్గా ఎదురు దిక్కున. షిఫ్టు ఎప్పుడు మొదలో, ఎప్పుడు ముగుస్తుందో ఆయనకే తెలీదు. నేను డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు తప్పాను. చేతిలో ఉన్నది లెర్నర్ పర్మిట్. లైసెన్సున్న మనిషి పక్కన కూర్చుంటే తప్ప బండి తీయకూడదు. మా ఇంట్లో లైసెన్సున్న మనిషి మా ఆయనొక్కడే. ఆయన పక్కన కూర్చుని "అయ్యో, అయ్యో" అంటూ లేని బ్రేకు తొక్కుతుంటే నడపడం నావల్ల కాదు. డబ్లిన్ శివార్లలో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉన్నన్నాళ్ళూ ఇంటి ముందే బస్సులుండేవి, నాకు ఉద్యోగం ఉండేది కాదు. అద్దెలు భరించలేక కిల్కెన్నీ దాటి ఒక చిన్న ఊరికొచ్చాక ఇన్నేళ్ళకి ఉద్యోగం వచ్చింది. ఈ బస్సు పోతే ఆ ఉద్యోగమూ పోతుంది. ఇంత చిన్న లెక్క అర్థం చేసుకోవడానికి నాకు కంప్యూటరు అక్కర్లేదు.

బస్సు మొదలైన రోజు చూడాలి నన్ను! కొత్త కోటు వేసుకుని, మా ఊరి చివర స్టాపులో అరగంట ముందే నిలబడ్డాను. స్టేషన్ నుంచి వచ్చేటప్పుడు నాదే ఆఖరి స్టాపు. అంటే నేనెక్కేసరికి బస్సు కిటకిటలాడుతూ ఉండాలి. తలుపు తెరుచుకుంది. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. వయసు మీద పడిన, మర్యాద తెలిసిన మనిషి. నన్ను చూసి, నా వెనక చూసి, "ఇంకెవరైనా వస్తారాండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్న రోజూ అడిగేవాడు. రోజూ నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఏం చేయలేదు నేను? గోడలకి పోస్టర్లంటించాను. వారానికో ఈమెయిల్ పంపాను. కాలుష్యం తగ్గుతుందన్నాను, మైదానం మిగులుతుందన్నాను, దారిలో కునుకు తీయొచ్చన్నాను. కనిపించిన ప్రతి మనిషీ "గ్రాండ్ ఐడియా!" అనేవాడు. అని, వెళ్ళి తన కారెక్కేవాడు. అన్నవాళ్ళలో సగం మంది ఎక్కినా రెండు బస్సులు నిండేవి.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు సోఫాలోకి విసిరేశాను. "ఏం మనుషులండీ వీళ్ళు! గుమ్మం ముందుకి బస్సు తెచ్చి పెడితే ఎక్కడానికేం రోగం? ఒక్కొక్కళ్ళకీ బొట్టు పెట్టి పిలవాలా?"

మా ఆయన పప్పు తాలింపు వేస్తున్నాడు. వెనక్కి తిరగకుండానే, "పిలిచావా మరి?" అన్నాడు.

నిజమే కదా! కార్డు పోస్టులో పంపించారని సొంత అక్క కూతురి పెళ్ళికి పోని మనిషి మా పెద్దమ్మ. "ఇంటికొచ్చి పిలవని పెళ్ళికి నేనెందుకెళ్తానే?" అనేది. మా అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వీధి వీధంతా తిరిగేది. ఇక పెళ్ళి బస్సు నింపడం మా మేనమామ పని. ఆయన ఏనాడూ "బస్సుంది, రండి" అని ఊరందరికీ కేకేయలేదు. ఒక్కొక్కరి గుమ్మం ముందు నిలబడి, "పిన్నీ, నీకు కిటికీ సీటు ఆపాను, నువ్వు రాకపోతే బస్సు కదల్దు" అనేవాడు. ఆ తర్వాత ఇక రాకుండా ఉండడానికి పిన్నికి దారేదీ? ఇవన్నీ చూసి పెరిగిన దాన్ని, నేను గోడకి కాగితం అంటించి ఊరుకున్నాను. పైగా వాళ్ళు రాలేదని అలిగాను!

మర్నాడు పిలుపులు మొదలుపెట్టాను. కుంకుమ పట్టుకెళ్ళలేదు లెండి, మనిషి మనిషి దగ్గరకీ వెళ్ళాను. మొదట ల్యాబులో పనిచేసే ఆవిడ. ఇద్దరు పిల్లల తల్లి, స్టేషన్ పక్కనే ఇల్లు. "సోమవారం నీకు కిటికీ సీటు ఆపుతున్నాను" అన్నాను.

"అయ్యో, వద్దులే, ఐ యామ్ గ్రాండ్" అంది. నాకేం ఇబ్బంది లేదు, అక్కర్లేదు అనడానికి ఇక్కడివాళ్ళ మాట అది.

మామూలుగా అయితే నేను వెనక్కొచ్చేసేదాన్ని. కానీ ఆ ముఖంలో ఏదో తెలిసిన కళ కనిపించింది. మా ఊరి ఇళ్ళల్లో రెండోసారి కూర వడ్డించబోతే "చాలు చాలు" అంటూనే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టని వాళ్ళ కళ అది. అప్పుడు గుర్తొచ్చింది, క్యాంటీన్‌లో వీళ్ళకి టీ ఇవ్వబోయినా ఇంతే! మొదటిసారి వద్దంటారు, రెండోసారి "నీకెందుకు శ్రమ" అంటారు, మూడోసారి కప్పు ముందుకి జరుపుతారు. ఓరి దేవుడా, ఇది మన మొహమాటమే! ఇన్నాళ్ళూ మొదటి "వద్దు"కే నేను వెనుదిరుగుతున్నాను. సముద్రాలు దాటొచ్చి మా పెద్దమ్మ చుట్టాల మధ్య పడ్డాను, గుర్తుపట్టలేదంతే! నాకు అక్కడే గంతులేయాలనిపించింది.

"అదేం కుదరదు, నువ్వు రావాల్సిందే" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. "స్కూలు వాళ్ళు ఫోన్ చేసి పిల్లాడికి జ్వరమంటే? మధ్యాహ్నం బస్సుండదు. ఇక్కడ ఇరుక్కుపోతాను" అంది. నా పోస్టర్లకి ఎన్నేళ్ళు గడిచినా ఈ మాట చెప్పేది కాదావిడ.

బాయిలర్లూ పైపులూ చూసుకునే ఆయన దగ్గరకి పరుగెత్తాను. పొలం ఉన్న మనిషి, బస్సు దారికి అవతలి కొండ వైపు ఇల్లు. కుక్కని పక్కన కూర్చోబెట్టుకుని రోజూ పాత జీపులో వచ్చేవాడు. నేను నోరు తెరవకముందే, "నేను బస్సెక్కను" అన్నాడు.

"మిమ్మల్నెక్కమనలేదు. ఎవరికైనా అర్జెంటుగా ఇంటికి పోవాల్సొస్తే దింపుతారా?"

కాసేపు గడ్డం గోక్కున్నాడు. "దింపుతా. కుక్క మాత్రం దిగదు, ముందే చెప్తున్నా" అన్నాడు. మేనేజరు కూడా సరేనన్నాడు.

ఆ మాట చెప్పగానే ల్యాబు ఆవిడ వచ్చింది. ఆమెని చూసి ఆమె స్నేహితులు వచ్చారు. మిగతా వాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళాను, ఒక్కొక్కళ్ళ దగ్గరికి మూడేసిసార్లు. బయటనుంచి వచ్చే క్లయింట్లకి మేం పంపే ఈమెయిల్‌లో ఏ రోడ్డెక్కాలో, ఎక్కడ మలుపు తిరగాలో ఉండేది. అదంతా కిందకి తోసేసి, "డబ్లిన్‌లో రైలెక్కండి, కిల్కెన్నీ స్టేషన్ బయట మా బస్సు మీకోసం ఆగి ఉంటుంది" అని మొదటి వాక్యం రాశాను. ఒక్కొక్క సీటే నిండుతుంటే నా ఆనందం అంతా ఇంతా కాదు. సెప్టెంబరు గడిచేసరికి ఆ బస్సు అచ్చం పెళ్ళి బస్సయిపోయింది. ఒకళ్ళు బిస్కెట్లు తెస్తారు, ఒకళ్ళు పాట ఎత్తుకుంటారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళని అందరూ కలిసి ఏడిపిస్తారు. మా ఊళ్ళో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకుంటామని చెబితే పడీ పడీ నవ్వారు. "ఆ తువ్వాలు తీసేసి ఎవరైనా కూర్చుంటే?" అని ల్యాబు ఆవిడ అడిగింది. "కురుక్షేత్రమే" అన్నాను.

గడియారాలు తిప్పే వారం రానే వచ్చింది. శుక్రవారం పొద్దున కౌన్సిల్ నుంచి ఒకావిడ వస్తుందని, ఆవిడా మేనేజరూ గేటు దగ్గర నిలబడి ఎవరెలా వస్తున్నారో చూస్తారని చెప్పారు. ఆ చూసినదాన్ని బట్టే బస్సు ఉంటుందో పోతుందో తేలుతుంది. గురువారం మళ్ళీ హాలంతా తిరిగి అందర్నీ పిలిచాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శుక్రవారం పొగమంచు. స్టాపులో చలికి కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ నిలబడ్డాను. బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు ముఖం పాలిపోయి ఉంది. "సీటు లేదండీ" అన్నాడు.

లోపలికి తొంగి చూశాను. నిజంగానే లేదు! ఆఖరి వరుసలో ఇద్దరు కొత్తవాళ్ళు సూట్లు వేసుకుని కూర్చున్నారు. డబ్లిన్ నుంచి వచ్చిన క్లయింట్లు. నా ఈమెయిల్ చదివి, బుద్ధిగా రైలెక్కి, బుద్ధిగా బస్సెక్కి, నా సీట్లో కూర్చున్నారు.

"నిలబెట్టి తీసుకెళ్తే నా లైసెన్సు పోతుందండీ" అన్నాడు డ్రైవరు, ఏడుపు గొంతుతో. ల్యాబు ఆవిడ లేచింది. "నేను దిగుతా, నువ్వెక్కు." ఆమెని చూసి ఇంకో ఇద్దరు లేచారు.

"కూర్చోండి!" అని ఒక్క అరుపు అరిచాను. "ఒక్కళ్ళు దిగారంటే ఊరుకోను. ఇవాళ ఈ బస్సు నిండుగా వెళ్ళాలి. పోనివ్వండి!" అని బస్సు పక్కన అరచేత్తో రెండు దెబ్బలు చరిచి, మా ఊరి కండక్టరులాగా "రైట్ రైట్!" అన్నాను. అద్దాలకి ముఖాలు ఆనించి అందరూ నన్నే చూస్తుండగా బస్సు మలుపు తిరిగింది.

రోడ్డు మీద ఒక్కదాన్నే నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. తర్వాత గుర్తొచ్చింది, నేనెలా వెళ్ళాలి? జీపాయనకి ఫోన్ చేశాను. "అర్జెంటుగా ఇంటికి పోవడానికని కదా ఒప్పందం?" అన్నాడు. అన్నాడే గానీ వచ్చాడు. కుక్క నిజంగానే దిగలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

గేటు దగ్గర మేనేజరూ కౌన్సిల్ ఆవిడా నిలబడి ఉన్నారు. బస్సు దిగిన వాళ్ళంతా లోపలికి పోకుండా అక్కడే ఉన్నారు. వాళ్ళందరి ముందూ పొగ కక్కుతూ జీపు ఆగింది. కోటు నిండా కుక్క వెంట్రుకలతో నేను దిగాను. మేనేజరు ఆ ఆవిడ వైపు తిరిగి, "ఈమే మా ట్రావెల్ కోఆర్డినేటర్" అన్నాడు. ఒక్కసారిగా నవ్వులే నవ్వులు.

"మావైపు పెళ్ళి చేసేవాళ్ళు ఆఖరి బంతిలోనే తింటారు" అన్నాను. వాళ్ళకేం అర్థమైందో గానీ కౌన్సిల్ ఆవిడ కూడా నవ్వింది.

మధ్యాహ్నం దాకా ఒక్క పనీ చేయలేకపోయాను. చివరికి మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. "బస్సు ఉంటుంది. ఇది చాలదట, ఇంకా పెద్దది చూడమన్నారు" అన్నాడు. ఆయన అటు వెళ్ళగానే బాత్రూంలోకి పోయి తలుపేసుకుని, మా ఆయనకి ఫోన్ చేసి, మాట రాక ఊరికే ఏడ్చాను. ఆయన కంగారుపడి, "పోతే పోయిందిలే, వేరే ఉద్యోగం చూసుకుందాం" అన్నాడు. "పోలేదండీ!" అని అరిచాను.

సోమవారం మళ్ళీ అదే మినీబస్సు. పెద్దది రావడానికి ఇంకా సమయం పడుతుంది. శుక్రవారం నిండిన బస్సు ఇవాళ మాత్రం నాకోసం ఖాళీగా ఉంటుందా అని స్టాపులో దిగులుగా నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది. డ్రైవరు బొటనవేలితో వెనక్కి చూపించాడు. అన్ని సీట్లూ నిండి ఉన్నాయి, ముందు వరుసలో కిటికీ పక్క సీటు తప్ప. దాని మీద ఎర్ర గళ్ళ టీ టవలు ఒకటి, మడత విప్పి పరిచి ఉంది. వంటింట్లో గిన్నెలు తుడుచుకునేది.

"స్టేషన్ దగ్గర ఎవరో కొత్తాయన కూర్చోబోయాడు" అంది ల్యాబు ఆవిడ. "కురుక్షేత్రమే అని చెప్పాను."

నా కళ్ళు నిండిపోయాయి. "అయ్యో, నాకెందుకండీ, ఆయన్నే కూర్చోనివ్వాల్సింది" అన్నాను.

"కూర్చో!" అంది బస్సంతా.

టవలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వెనక నుంచి ఎవరో బస్సు గోడ మీద రెండు దెబ్బలు చరిచి, "రైట్ రైట్!" అని కేకేశారు.