పంపుకు పోసిన మంచినీళ్లు

1944 ఎండాకాలం. శంషాబాద్ దగ్గర మామిడిపల్లిలో ఒక పెద్ద తోటకు నేను ఇంజన్ డ్రైవర్ని. మాది తణుకు వైపు కాలువగట్టు ఊరు. ఇప్పటివాళ్లకు నవ్వొస్తుందేమో గానీ, నిజాం రాజ్యం అప్పట్లో మాకు పరదేశమే. రూపాయి వేరు, కచేరీ భాష వేరు. నేను నోరు విప్పితే పిల్లలు నవ్వేవాళ్లు. మా వైపు మద్రాసు ప్రెసిడెన్సీ కదా, ఊళ్లో నన్ను "మద్రాసాయన" అనేవారు. నాకూ పౌరుషం తక్కువేం కాదు. ఏడాదిన్నరగా షెడ్డులోనే వండుకుని, ఇంజన్‌తోనే మాట్లాడుకుంటూ బతికాను. ఒక్కోరోజు మనిషి గొంతు వినక పిచ్చెక్కినట్టుండేది.

నా ఆయిల్ ఇంజన్ బావిలో పంపునూ, బంగళా దీపాల కోసం డైనమోనూ తిప్పేది. యుద్ధం మూలంగా చమురు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. యజమాని పట్నంలో ఉండేవాడు. దీపాలు ఎప్పుడో ఆపేశాం. చేదబావులు ఎండిపోయాక ఊరంతా మా తోట తొట్టి నీళ్లే తాగేది.

చివరికి మా బావీ అడుగంటింది. అడుగున దింపిన బోరులో మాత్రం నీళ్లున్నాయి. అందులో బొక్కెన దూరదు, పంపు లాగాల్సిందే. ఒక ఉదయం ఆ పంపు నీళ్లకు బదులు గాలి పీల్చింది. పైపు కొసన ఫుట్‌వాల్వ్ ఉంటుంది. పైకొచ్చిన నీళ్లు జారిపోకుండా మూసుకునే తలుపులాంటిది. అందులో ఇసుక పడ్డట్టుంది. ఇక ప్రైమింగ్ చేయాలి, అంటే పైనుంచి నీళ్లు పోసి పైపు నింపాలి. నీళ్ల కోసం నీళ్లు! తొట్టి చూస్తే ఖాళీ. చమురు చూస్తే ఒక్కసారి తిప్పడానికి సరిపోయేంత.

ఖాళీ బిందెలతో వచ్చిన ఆడవాళ్లతో, "ఇళ్లలో మిగిలిన నీళ్లు తెచ్చి పంపులో పోయాలి" అన్నాను.

"ఏందీ? తాగే నీళ్లు గొట్టంల పోయాల్నా?" అంది లచ్చమ్మ అనే ఆవిడ. "పరాయోడు. గిట్ల చెప్పి రేపు వాళ్ల ఊరికి పోతడు. ఏడ్చేది మనం."

నాకు కోపం నషాళానికంటింది. కానీ ఎన్నడైనా వాళ్లను పలకరించిన పాపాన పోయానా?

అప్పుడు మల్లమ్మ తన బిందె తెచ్చింది. తోటలో ఆకులూడ్చే ముసలావిడ. కూతురు కొత్త బాలింత, జ్వరంతో పడి ఉంది. ఆ ఇంట్లో ఉన్నవి ఆ బిందెడు నీళ్లే.

"పని చేస్తుందని ఖాయంగా చెప్పలేనమ్మా" అన్నాను.

"నా బిడ్డకు ఇవి ఎంతసేపొస్తయి కొడుకా? ఇగ పోసెయ్యి."

పోశాను. గుడగుడమంటూ మొత్తం కిందికి జారిపోయింది. మల్లమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని నిలబడింది.

"ఇంకో రెండు బిందెలు కావాలి. సుత్తితో పైపు కొడుతుంటే ఇసుక రాలుతుంది" అన్నాను. ఎవరూ కదల్లేదు. నా పౌరుషమంతా ఎటు పోయిందో, లచ్చమ్మకు చేతులు జోడించాను. "అక్కా, దండం పెడతాను. ఆ బాలింతకిప్పుడు గుక్కెడు నీళ్లు కూడా లేవు."

లచ్చమ్మ నా మొహంకేసి చూసింది. "ఆగు, తెస్త" అంది. ఆవిడ వెనకే మరికొందరు కదిలారు.

వాళ్లు పోస్తుంటే నేను కొడుతూనే ఉన్నాను. ఈసారి నీళ్లు పైపు అంచుదాకా వచ్చి నిలిచాయి. ఇంజన్ దగ్గి దగ్గి అందుకుంది. ముందు బురద, తర్వాత తేట నీళ్లు. అబ్బ, ఆ చప్పుడు!

మల్లమ్మ బిందె నింపుకుని పరుగున పోయింది. కాసేపటికి తిరిగొచ్చి, "బిడ్డ తాగింది. మరి నువ్వు తాగినవా కొడుకా?" అంది. నేను ఇంజన్ వైపు తిరిగి నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

ఇంజన్ పని ఎవరైనా నేర్పుతారు. పరాయిచోట మనిషిని అడగడం నేను ఆ రోజే నేర్చుకున్నాను. ఏడాదిన్నర నేనెవరినీ ఏమీ అడగకపోతే, నన్నెవరు అడుగుతారు?

మర్నాడు షెడ్డులో నా కుండ నిండుగానే ఉంది. అయినా మల్లమ్మ గుమ్మం ముందుకు వెళ్లాను.

"అమ్మా, తాగడానికి కాసిని నీళ్లు పోస్తావా?"