బుచ్చవ్వ రోకలి

బుగ్గారంలో వానలు ముఖం చాటేసినప్పుడల్లా జనానికి బుచ్చవ్వ గుర్తొస్తుంది. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, భుజాన మోస్తూ, కప్పతల్లి పాట పాడుతూ ఇల్లిల్లూ తిరగాలి. ఇంటివాళ్లు ఆ కప్ప మీద బిందెడు నీళ్లు పోస్తారు. నాట్లకూ కలుపులకూ కూలికి పోయే మనిషికి వయసులో ఉన్నప్పుడే ఈ పని అంటగట్టారు. వాన పడితే గొప్ప కప్పతల్లిది. పడకపోతే తప్పు బుచ్చవ్వది. రోకలి సరిగా పట్టలేదట, పాట మధ్యలో దగ్గిందట. కప్పనైతే ఎవరూ ఏమీ అనరు.

ఈ ఏడు ఆగస్టంతా ఎండే. నాట్లేసిన మడులు నెర్రెలిచ్చాయి. బుచ్చవ్వ కప్పను మోసింది, తిట్లూ తిన్నది.

ఆ వారమే వ్యవసాయాధికారి వచ్చి రైతులను కూర్చోబెట్టి చెప్పాడు. "దూరాన పసిఫిక్ సముద్రంల నీళ్లు వేడెక్కినయి. గట్లయితే గాలుల తీరు మారుతది, మబ్బులు అటే కురుస్తయి, మన దిక్కు వానలు తగ్గుతయి. కొన్నేండ్లకోసారి గిట్లనే అయితది."

వెనకాల నిలబడ్డ బుచ్చవ్వకు ఒళ్లు మండింది.

"ఇన్నరా? ఇన్నేండ్ల సంది నన్ను తిట్టిన్రు. తప్పు సముద్రానిదట."

ఆమె ఇంటికి పోయి రోకలిని మూలకు విసిరేసింది.

తెల్లారేసరికి పక్కింటి భూలక్ష్మి కప్పను పట్టుకుని వాకిట్లో నిలబడింది.

"సారు చెప్పింది ఇనలేదా? చెవులున్నయా లేవా నీకు?"

"ఇన్న పెద్దమ్మా. గా సముద్రాన్ని పోయి ఎవలడుగుతరు? నువ్వైతే ఊర్లెనే ఉంటివి."