అట్టలు ఎవరివి?

బాపట్ల నుంచి తెనాలి వెళ్లే ప్యాసింజరులో పక్క సీటు పెద్దాయన చాలాసేపటి నుంచి నా ల్యాప్‌టాప్‌లోకే చూస్తున్నాడు. వెబ్‌సైట్ల పని నాకు కొత్త. ఒక చీరల కొట్టుకు నా మొదటి సైటు చేస్తున్నాను. ఒక సాఫ్ట్‌వేర్‌లో కోడ్ అంతా మనమే రాసుకోవాలి. ఇంకోదాంట్లో బొమ్మలు లాగి పెడితే చాలు, పేజీ తయారు. సులువైనదానికే ఏడాది డబ్బు కట్టబోతూ, కార్డు నంబరు దగ్గర ఆగాను. ల్యాప్‌టాప్ కిటికీ వైపు తిప్పాను. ఆయన మెడ కూడా అటే తిరిగింది.

"ఏంటండి చూస్తున్నారు?"

"ఆ పేజీ అంచు డిజైను నువ్వు గీసిందేనామ్మా?"

"అవునండి," అన్నాను, బ్యాగు ఒళ్లోకి లాక్కుంటూ.

"రేపు ఇందులోంచి తీసి వేరేచోట పెట్టుకోవచ్చా?"

ఏదో అంటగట్టడానికి వచ్చిన మనిషేమో అనిపించింది. "ఎందుకండి?"

ఆయన చీరాలలో ఒకరి షెడ్డులో చీరలు నేసేవాడట. "చిల్లులు కొట్టిన అట్టలుంటాయమ్మా. వాటిని బట్టే మగ్గం మీద డిజైను పడుద్ది. డిజైను నేను గీశాను, అట్టలు షావుకారు చేయించాడు. పని మానేసేటప్పుడు అడిగితే, నా దగ్గర భద్రంగా ఉంటాయిలే అన్నాడు. అవి లేకుండా నా డిజైను నేనే నెయ్యలేను."

తెనాలిలో ఇద్దరం దిగి, ఆయన వెళ్లిపోయాక బ్యాగు జిప్పులు రెండుసార్లు చూసుకున్నాను. రేపల్లె బండి కోసం కూర్చుని, ఆయన ప్రశ్నే ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు రాశాను. నా పేజీలు వేరేచోటికి తీసుకెళ్లొచ్చా అని.

జవాబు వెంటనే వచ్చింది. "మీ పేజీలు మా దగ్గర భద్రంగా ఉంటాయి."