మామిడిచెట్టుకు జామీను

1938లో ఆదోని ఊరి బయట ఒక దిగుడుబావి పక్కన నేను చిన్న నర్సరీ నడుపుతున్నాను. అప్పటికి ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. ఊళ్ళో ఎవరి నోట విన్నా పత్తి మాటే. మాది తాతల నాటి నుంచి కిరాణా అంగడి. తమ్ముళ్ళు తక్కెడ ముందు కూర్చుంటే నేను మొక్కల ముందు కూర్చున్నాను. "అమ్ముడుపోకపోతే పెరుగుతూ ఉండే సరుకు నాయనా ఇది, ఇంతకంటే మంచి వ్యాపారం యాడుంది?" అని మా నాయనను ఒప్పించబోయాను. ఆయన తల ఎత్తకుండా, "నీళ్ళు పోయకుంటే సస్తుంది గూడా" అన్నాడు. తర్వాత చూస్తే ఇద్దరి మాటా నిజమే అయింది.

అంగట్లో పెరిగినందుకు నాకు రెండు విద్యలు అబ్బాయి. ఒకటి, ధర తగ్గించలేనప్పుడు, వచ్చినవాడి మనసు నొప్పించకూడదనుకున్నప్పుడు, నెపం అక్కడ లేని మనిషి మీద వేయడం. "నాదేముందప్పా, మా అన్న ఒప్పుకోడు" అని మా నాయన రోజూ అనేవాడు. ఆ అన్న నేను పుట్టకముందే పోయాడు. రెండోది, ఎవరికీ పూచీ పడి జామీను ఉండకపోవడం. ఈ రెండో విద్య నా దగ్గర నిలవలేదు. అది కూడా మనిషికి కాదు, చెట్టుకు జామీను ఉండి పోగొట్టుకున్నాను.

ఎమ్మిగనూరు సంతకు నేను బండి మీద మొక్కలు తీసుకుపోయేవాణ్ణి. ఆ ఏడు కార్తీకంలో పెద్దకడుబూరు నుంచి లింగమ్మ అనే రైతు భార్య వచ్చి, మొక్కల వైపు చూడకుండా నా వైపు చూస్తూ నిలబడింది.

"ఏమప్పా శెట్టీ, కాయని చెట్టుకు మందేమన్నా ఉందా నీకాడ?"

"ఏం చెట్టమ్మా?"

"మామిడి. టెంక పెట్టి పన్నెండేండ్లాయె. ఆకు సూడు, నల్లగ, నిగనిగ. పూత మాత్రం ఒక్క రెమ్మ ల్యా."

నేను వ్యాపారిని కదా, వెంటనే నా సరుకు ముందుకు జరిపాను. "అది తీసేసి ఈ గ్రాఫ్ట్ పెట్టుకోమ్మా." గ్రాఫ్ట్ అంటే అంటుమొక్క. బాగా కాసే చెట్టు కొమ్మను కుండీలో పెరిగిన టెంకమొక్కతో కలిపి కట్టి, రెండూ అతుక్కున్నాక కోసి దించుతాం. టెంకమొక్కకంటే తొందరగా కాస్తుంది, తల్లిచెట్టు రుచే వస్తుంది.

లింగమ్మ మూతి తిప్పింది. "తీసేయమనేదానికి నువ్వెందుకప్పా, మా ఇంటాయనే ఉండాడు. ఈ అమాసకు గొడ్డలి పడ్తానన్నాడు. జామీను ఉండేటోడు దొరికితే ఒక యేడు ఆగుతాడంట."

ఆ పద్ధతి నేను విన్నదే. కాయని చెట్టు ముందు ఇంటాయన గొడ్డలి పట్టుకుని నిలబడి నరికేస్తానని బెదిరిస్తాడు, ఒక దెబ్బ వేస్తాడు. అప్పుడు బయటివాడొకడు అడ్డం వచ్చి, "ఈ ఏడాదికి వదిలెయ్, కాస్తుంది, నేను జామీను" అంటాడు. చెట్టు భయపడి కాస్తుందని నమ్మకం. ఆ జామీనుకు ఊళ్ళో మనుషులు లేరా అని అడిగాను.

"పోయినేడు మా అన్న ఉన్నాడు, అంతకు ముందేడు పూజారప్ప ఉన్నాడు. వాండ్ల మాట చెట్టు ఇనలా. నీ మాట మీద సంతలో సరుకు ఇస్తారు గదా, నీ మాట ఇంటాదేమో."

పొగిడితే లొంగని బేరగాడు ఉండడు. నేనూ లొంగాను. అయినా ఊరికే ఉండలేక మొదటి కాపులో ఒక గంప నాది అన్నాను. "ముందు కాయనీలేప్పా" అని నవ్వుకుంటూ పోయింది.

అమావాస్య పొద్దున పెద్దకడుబూరు చేరాను. ఇల్లు ఊరి చివర. చెట్టు పెరట్లో, బావి పక్కన, స్నానాల బండకు ఆనుకుని ఉంది. లింగమ్మ చెప్పింది నిజమే, అంత దిట్టమైన ఆకు నా నర్సరీలో కూడా లేదు. చుట్టూ చూస్తే సంగతి తెలిసిపోయింది. ఇంటిల్లిపాది స్నానాల నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు కాలువ కట్టి దాని మొదట్లోకే పోతున్నాయి. పేడదిబ్బ కూడా దాని నీడలోనే. మామిడికి వానలు వెనకబట్టాక కొన్నాళ్ళు ఆరబెట్టాలి. దీన్ని మా పనిలో రెస్ట్ ఇవ్వడం అంటాం. నీళ్ళు అందకపోతేనే చెట్టు చిగుళ్ళు మాని పూతకు తిరుగుతుంది. ఈ చెట్టుకు దప్పిక అంటే ఏమిటో తెలియదు.

ఆ మాట చెప్తే లింగమ్మ నొచ్చుకుంది. "నోరులేని దానికి నీళ్ళు ఆపమంటావా? మా ఈరమ్మ చేత్తో పెట్టిన చెట్టప్పా ఇది. చిన్నపిల్లప్పుడు ఆదోని మామిడిపండు తిని టెంక పాతింది."

ఈరమ్మ ఆమె కూతురు. అప్పుడు ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి. బండ దగ్గర కూర్చుని అంట్లు తోముతోంది. తల్లి గొంతు తగ్గించి మిగిలింది చెప్పింది. హొళగుందలో ఇచ్చారు. పిల్లలు కలగలేదు. దసరా కాగానే అత్తగారు పుట్టింట్లో దించేసి, కొడుక్కి ఇంకో పిల్లను చూస్తున్నామని కబురు పెట్టింది. ఉగాది తర్వాత ఈరమ్మ తిరిగి రావచ్చు, ఇంటి పని చేసుకుంటూ ఒక మూల ఉండవచ్చునట. తండ్రి ఉరుకుందప్ప పంపేద్దామని నిశ్చయించుకున్నాడు. ఇచ్చిన బిడ్డ ఇంట్లో కూర్చుంటే నలుగురూ ఏమంటారని ఆయన బాధ. ఆ పిల్ల మాత్రం వెళ్తాననీ అనదు, వెళ్ళననీ అనదు.

ఇంతలో ఉరుకుందప్ప గొడ్డలి తీసుకుని వచ్చాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. నాతో పలకరింపు కూడా పూర్తి కాకుండానే చెట్టు ముందు నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు సాకినాం. పూయవు, కాయవు. తినేది తింటాండావు, తాగేది తాగుతాండావు. ఎవరికి పనికొచ్చినావు? ఇంగ నువ్వు ఇంట్లో ఎందుకు?"

పెరట్లో అనాల్సిన చోట ఇంట్లో అన్నాడు. గొడ్డలి ఎత్తి ఒక దెబ్బ వేశాడు. బెదిరింపు దెబ్బ కాదది, బెరడు లేచి సొన కారింది. నేను నా పాఠం అప్పజెప్పాను.

"ఆగప్పా. ఒక్క యేడు సూడు. కాస్తుంది. నేను జామీను."

"కాయకుంటే?"

"కాయకుంటే నీ ఇష్టం."

అంతే. పద్ధతి ప్రకారం అక్కడితో అయిపోవాలి. ఉరుకుందప్ప గొడ్డలి భుజాన వేసుకుని తిరిగాడు. అప్పుడు బండ దగ్గర గిన్నెల చప్పుడు ఆగింది.

"నాయనా" అంది ఈరమ్మ. లేవలేదు, చేతులకు బూడిద అట్లాగే ఉంది. "చెట్టుకు శెట్టన్న ఉండాడు. నాకెవరుంటారు జామీను?"

లింగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉరుకుందప్ప కూతురి వైపు చూడలేక, చెట్టు వైపు చూడలేక, చివరికి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. అంగట్లో ధర చెప్పి, దిగాలని మనసులో ఉండి, దిగే దారి కనపడని మనిషి చూపు అది. అట్లాంటివాడికి సలహా చెప్పకూడదు, దారి చూపాలి.

"ఉరుకుందప్పా, జామీను ఉండాను గానీ షరతు చెప్పడం మర్చిపోయినాను" అన్నాను.

"ఏం షరతు?"

"ఈ చెట్టుకు నీళ్ళు ఆపాల. లింగమ్మ చెయ్యి ఆగదు, నాకు నమ్మకం లేదు. నీకు చేనికాడ పని. చెట్టు పెట్టిన చెయ్యి ఎవరిదో వాళ్ళే కాపలా ఉండాల. కాలవ మళ్ళించేది, పేడదిబ్బ ఎత్తేసేది, పిందె పడినాక మళ్ళా తడి ఇచ్చేది, అన్నీ ఈరమ్మ పని. కాపు దిగేదాకా ఆ పిల్ల ఈడే ఉండాల. కాదంటే నా జామీను లేదు."

"ఉగాదికి పంపుతామని సెప్పినాం గదా హొళగుందోండ్లకు."

"నాదేముంది, ఆదోని శెట్టి ఒప్పుకోలేదని సెప్పు. మొండోడని సెప్పు. ఎన్ని మాటలన్నా పడతాను."

ఆయన గొడ్డలి పిడి మీద బొటనవేలు రుద్ది, "మొండోడివే" అని లోపలికి పోయాడు. మా నాయన లేని అన్నను వాడుకున్నాడు, నేను నన్నే వాడుకోమని ఇచ్చాను. తేడా అంతే.

ఈరమ్మ ఆ మధ్యాహ్నమే పార పట్టి కాలువను వంకాయ మళ్ళకు తిప్పింది. ఆ తర్వాత సంతకు పోయినప్పుడల్లా లింగమ్మ నన్ను వెతుక్కుని వచ్చి తిట్టేది. "ఆకు వాలబడింది. చెట్టును సంపుతాండావు శెట్టీ." నేను పైకి ధైర్యంగా నవ్వి, లోపల, నీళ్ళు పోయకుంటే సస్తుందన్న మా నాయన మాట తలుచుకునేవాణ్ణి.

మాఘంలో పూత వచ్చింది. చెట్టంతా కాదు, గొడ్డలి దెబ్బ పడిన వైపు ఎక్కువ, మిగతా వైపు అక్కడక్కడ. కొమ్మ బెరడును ఉంగరంలా వొలిచి పూత రప్పించే పని ఒకటి మాకూ ఉంది, రింగింగ్ అంటాం. లోతుగా కోస్తే కొమ్మే చస్తుంది కనుక జంకుతూ చేస్తాం. ఆ దెబ్బ వల్ల కొంత అయిందేమో. ఉరుకుందప్ప మాత్రం చెట్టు భయపడిందన్నాడు. లింగమ్మ ఉరుకుంద ఈరన్నస్వామి దయ అంది. నేను నీళ్ళు ఆపడం వల్లనే అన్నాను. ఈరమ్మేమో పొద్దునే లేచి పూత కింద నిలబడేదట.

హొళగుందవాళ్ళు ఉగాది దాకా కూడా ఆగలేదు, ఇంకో పిల్లను తెచ్చుకున్నారు. ఆ సంగతి తెలిసిన రోజు తండ్రి కూతుర్ని, "పోతావా?" అని అడిగాడట. "కాపు దిగేదాకా శెట్టి పంపడు గదా నాయనా" అందట ఆ పిల్ల. మర్నాడు ఆయన బండి కట్టుకుని హొళగుంద పోయి, ఆమె పెట్టె, ఆమెకు పెట్టిన ఇత్తడి బిందె తీసుకొచ్చాడు. అక్కడ ఎవరితోనూ జగడమాడలేదని, శెట్టి పేరు కూడా ఎత్తలేదని తర్వాత లింగమ్మ చెప్పింది.

వైశాఖంలో నా గంప నాకు వచ్చింది. ఈరమ్మే తెచ్చింది. ఆశగా ఒక పండు కొరికితే పళ్ళు జివ్వుమన్నాయి. పులుపు, పీచు, ఇంత టెంక. నా ముఖం చూసి ఆ పిల్ల మొదటిసారి నవ్వింది.

"కాస్తాదని ఉన్నావు జామీను. తియ్యగ కాస్తాదని ఉండలా గదన్నా."

కాపు దిగిపోయింది, షరతు తీరిపోయింది. ఆ సంగతి ఉరుకుందప్ప ఎత్తలేదు. తీరిన షరతును గుర్తు చేసే అలవాటు మా ఇంటా వంటా లేదు కనుక నేనూ ఎత్తలేదు.

పుల్లటి కాయలే గానీ, ఆ టెంకల నుంచి వచ్చిన మొక్కలు మొండివి, ఎండకు తట్టుకునేవి. అంటు కట్టడానికి కింద వాడే టెంకమొక్కను స్టాక్ అంటాం, దానికి అట్లాంటివే కావాలి. ఈరమ్మను కుండీల్లో పెంచమన్నాను. మొదటి ఏడు నేను చెప్పిన ధరకు ఇచ్చింది. రెండో ఏడు నా ధర విని, కుండీలు మళ్ళీ బండికెక్కించబోతూ, "నాదేముందన్నా, మా నాయన ఒప్పుకోడు" అంది. ఆ మాట ఎక్కడ నేర్చుకుందో నేను అడగక్కర్లేదు. అడిగినంతా ఇచ్చాను. తర్వాత అంటు కట్టడం నా దగ్గరే నేర్చుకుని, ఎమ్మిగనూరు సంతలో నాకు ఎదురుగానే మొక్కలు పరిచింది.

యుద్ధం రోజుల్లో ఒకసారి ఆలూరు వైపు రైతొకడు ఆమె ముందు కూర్చుని, ఒక్కో అంటునూ తిప్పి చూసి, పెదవి విరిచాడు.

"ఇవి కాస్తాయని ఏం నమ్మకం? ఆడమనిషి మాట మీద కొనాల్నా? జామీను ఎవరు?"

అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది. అంతలో బండి కింద నుంచి గొంతు వినిపించింది. ఉరుకుందప్ప ఇరుసుకు నూనె పూస్తున్నాడు. పని ఆపలేదు, తల బయటికి పెట్టలేదు.

"నేనుండా" అన్నాడు. "ఆయమ్మ నాయనను. పెద్దకడుబూరు."

ఈరమ్మ ఆ రైతు వైపే చూస్తూ, మొక్క మొదట్లో మట్టిని రెండు చేతులతో గట్టిగా నొక్కుతూ కూర్చుంది. చాలాసేపు నొక్కింది. ఆ మట్టికి అంత అవసరం లేదు.

ఇప్పటికీ కాయని చెట్టు ఉంది, వచ్చి చూడమని ఎవరైనా పిలిస్తే, ముందు ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతాను. నీళ్ళ సంగతి ఆ తర్వాత.