మూడు విమానాలు పోయేదాకా

పిల్లల గొడవ ఆపడానికి పరుగెత్తిన జవేరియా టీచర్ సాంబారు బకెట్‌లో కాలు పెట్టారు. సాంబారు చల్లారిపోయింది కాబట్టి కాలికేమీ కాలేదు. ఆ మధ్యాహ్నం బడి మొత్తం ఉత్త గుడ్డుతో అన్నం తిన్నది.

కొట్టుకున్నది తొమ్మిదో తరగతి రాహిల్, సాయితేజ. కబడ్డీలో మొదలైన మాట కాలర్ల దాకా వచ్చింది. సాయంత్రం గేటు బయట బ్యాటుతో తేల్చుకుంటామని సవాళ్లు కూడా అయ్యాయి. ఇద్దరికీ టీసీ ఇచ్చి పంపేస్తానని హెడ్మాస్టరు పెన్ను తీశారు.

“జర ఆగుండ్రి సార్, మూడు విమానాలు పోనీయుండ్రి,” అన్నారు టీచర్, కాలు కడుక్కుంటూ.

ఎయిర్‌పోర్టు పక్కనున్న మా మామిడిపల్లిలో విమానం నెత్తిమీదికొస్తే ఆ మోతకు పాఠం ఆగాల్సిందే. ఆ ఆగడాన్నే ఆమె పనిలో పెట్టుకున్నారు. కోపమొచ్చిన ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోవాలి. మూడు విమానాలు పోయాకే నోరు తెరవాలి. సాటి టీచర్లం మేమూ ఒకట్రెండుసార్లు ఆ బెంచీ ఎక్కినవాళ్లమే.

మొదటి విమానానికి పిల్లలిద్దరూ చెరోవైపు చూశారు. రెండోదానికి పైకి చూశారు. మూడోది దాటగానే, “అది దుబాయ్‌ది,” అన్నాడు రాహిల్.

“పోరా, ఢిల్లీది!” అన్నాడు సాయితేజ.

బడి వదిలేలోగా ఆ బ్యాటును ఇద్దరూ కలిసి తెచ్చి టీచర్ టేబుల్ మీద పెట్టారు. హెడ్మాస్టరు పెన్నుకు మూత పెట్టారు.

మర్నాడు సాయితేజ తండ్రి యాదయ్య రుసరుసలాడుతూ వచ్చాడు.

“ఏంది టీచరమ్మా గిది? కొట్టనీకి చెయ్యెత్తితే, మూడు విమానాలు పోనీ బాపూ అంటుండు మావోడు!”

“మరి పోనిచ్చినవా అన్నా?”