పాట ఆగితే బుడ్డ తిన్నట్టే

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ఆళ్లగడ్డకు కోడలిగా వచ్చాను. వేరుశనక్కాయల్ని మావైపు బుడ్డలంటారు. ఎండాకాలం వస్తే, విత్తనానికి బుడ్డలు ఒలవడానికి మా అత్తతో కలిసి ఒక రైతు ఇంటికి పోయేదాన్ని. ఇరవైమంది ఆడవాళ్లం పెద్ద వసారాలో కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లం. పని చేసినంతసేపూ పాడుతూనే ఉండాలి, అది ఆ ఇంటి కట్టుబాటు. పాటంటే ముచ్చటపడి కాదు లెండి! పాడే నోరు గింజలు నమలలేదని వాళ్ల లెక్క. ఎవరి గొంతు ఆగినా రైతు తల్లి అటు చూసేది. మా అత్త మహా గడుసుది. రెండు గింజలు బుగ్గన పెట్టుకుని కూడా రాగం తీసేది.

మధ్యాహ్నం ఆ పాటలో, ఆ పొట్టు ధూళిలో నాకు కళ్లు మూతలు పడేవి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. వసారా మొత్తం మెల్లగా ఎటో తేలిపోతున్నట్టుండేది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు తేలికవుతుంది.

ఒక ఏడు మమ్మల్ని పిలవలేదు. నంద్యాలలో బుడ్డలొలిచే మిషను పెట్టారట, బస్తాలన్నీ బండ్లకెత్తి అక్కడికి తోలారట. ఇంకేం చేస్తాం? అత్తా నేనూ రోడ్డుకు కంకర కొట్టే పనిలో చేరాం. నిప్పులాంటి ఎండ, చేతులనిండా బొబ్బలు. అయినా అత్తకు మనసాగక, మిషను గింజలెట్లున్నాయో చూద్దామని నన్ను వెంటబెట్టుకుని రైతు ఇంటికి పోయింది. గుప్పెడు తీసి చూస్తే సగానికి సగం ఎర్రపొర లేచిపోయి ఉంది.

"ఇవి మొలవవప్పా," అనేసింది.

మిషనంటే నీకు కుళ్లు అని రైతు నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వానలు పడ్డాక ఆయన చేను చూడాలి, ఎక్కడ చూసినా బోడే. మేం లోలోపల సంబరపడ్డాం, అబద్ధమెందుకు.

మరుసటి ఎండాకాలం ఆయనే మా వాకిట్లోకి వచ్చాడు. అమ్మకానికి పోయేవి మిషనుకేనట, విత్తనం మాత్రం చేత్తో ఒలవాలట.

"నలుగురు చాలు. యెవరెవరో నువ్వే చెప్పు."

నలుగురినైతే కళ్లతోనే కనిపెట్టుకోవచ్చు, ఇక పాటలు కూడా అక్కర్లేదన్నాడు.

ఇరవైమందిలో నలుగురు! అత్త గడప మీద కూర్చుని ఒక్కొక్కరినీ వేళ్లమీద లెక్కపెట్టుకుంది. చివరికి ముగ్గురి పేర్లు చెప్పింది, ముగ్గురూ చంటిపిల్లల తల్లులు. నాలుగో మనిషి అత్తేనని నేననుకున్నాను. ఆమె చేతి నేర్పు ఇంకెవరికుంది? నాకు అప్పుడు ఐదో నెల.

"నాలుగోది మా కోడలు," అంది. "నాకు కండ్లు ఆనడంలేదప్పా."

పచ్చి అబద్ధం. ఆ పొద్దునే నా మడమలో విరిగిన తుమ్మముల్లును సూదితో తీసిన మనిషి. మరునాడు నేను నీడపట్టున బుడ్డలు ఒలవడానికి పోయాను, ఆమె సుత్తి తీసుకుని రోడ్డు మీదికి పోయింది. నువ్వే పో అత్తా అని ఒక్కమాట అనాల్సింది నేను. అనలేదు. హమ్మయ్య అనుకున్నాను.